యంత్రాల చిట్టాకు ప్రతిపదార్థం



భారతంలో ఒక పద్యమో, ప్రబంధంలో ఒక వర్ణనో తీసుకుని నాకు తోచిన నాలుగు మాటలు రాసుకోవడం ఈ బ్లాగులో నా అలవాటు. ఈసారి టపా విషయం చూసి, "మాస్టారికి ఇదేం చాపల్యం!" అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా చివరిదాకా చదవమని మనవి. ఎందుకంటే ఇది సాఫ్ట్‌వేరు కథలా మొదలైనా, తిరిగి తిరిగి మా వ్యాకరణం గుమ్మం దగ్గరికే వచ్చింది.

కిందటి వానాకాలంలో కొన్నాళ్ళు హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఒకనాటి రాత్రి పదకొండు దాటినా వాడు కంప్యూటరు ముందు నుండి లేవలేదు. కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. తెరమీద చీమలబారులా వరుసలు. వాళ్ళు చూసుకునే ఒక ప్రోగ్రాము, కొందరికి వైద్యఖర్చుల సొమ్ము పంపుతూ మధ్యలో ఆగిపోయిందట. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది ఆ ప్రోగ్రాము రాసుకున్న వరుసలు చదివి తేల్చాలి. చదవడానికి వీళ్ళు మరొక చిన్న ప్రోగ్రాము రాశారు. అది చాలామందిని తేల్చింది, కొందరిని తేల్చలేక పక్కన పడేసింది. వాళ్ళకు సొమ్ము మళ్ళీ పంపాలో వద్దో తెలియదు. రెండుసార్లు పంపితే ఒక తప్పు, అసలు పంపకపోతే మరొక తప్పు.

అసలు వరుసలు ఇంగ్లీషులో ఉన్నాయి. పేర్లు మార్చి, మన సౌకర్యం కోసం తెలుగు చేసి రెండు చూపిస్తాను.

సమయం=22:14:15 స్థాయి=సమాచారం పేరు=సత్యవతి ఊరు=తణుకు స్థితి=జమ

సమయం=22:14:16 స్థాయి=దోషం పేరు=సూర్య నారాయణ ఊరు=తుని స్థితి=విఫలం

పక్కన పడేసిన వరుసలను కాసేపు చూశాక అడిగాను: "ఏరా, వీళ్ళందరి పేర్లూ రెండేసి ముక్కలుగా ఉన్నాయేం?" వాడు తెరమీదకు వంగి చూసి, "అదే నాన్నగారూ, అదే!" అన్నాడు. నాకు ప్రోగ్రాములు రావు. పదచ్ఛేదం వచ్చు. అక్కడ జరిగింది పదచ్ఛేద దోషమే. ఆ రాత్రి నుండి ఈ వరుసల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలన్న కుతూహలం పట్టుకుంది. వాడిని అడిగీ, దొరికినవి చదివీ తెలుసుకున్న చరిత్ర ఇది.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషులో లాగ్ అనే దానికి మనవాళ్ళు చిట్టా అని వాడుతున్నారు. తెలుగు వికీపీడియాలోనూ ఇదే మాట. ఎవరు ఎంచారో గాని చక్కని ఎంపిక. మా మేనమామగారికి కిరాణా కొట్టు ఉండేది. కొట్లో రెండు పుస్తకాలు: చిట్టా, ఆవర్జా. జరిగినది జరిగిన వరుసలో అప్పటికప్పుడు రాసేది చిట్టా. దీపాలు పెట్టిన తరువాత చిట్టాలోని ఒక్కొక్క పద్దునూ విడదీసి, ఎవరి ఖాతాలో వారిది ఎక్కించేది ఆవర్జా. చిట్టాలో కాలక్రమం ఉంటుంది, ఆవర్జాలో విషయక్రమం ఉంటుంది. "సుబ్బయ్య ఎంత బాకీ?" అన్న ప్రశ్నకు చిట్టా సమాధానం చెప్పదు, ఆవర్జా చెబుతుంది. సాఫ్ట్‌వేరువారు పార్సింగ్ అనే పని, స్థూలంగా, చిట్టాను ఆవర్జాకు ఎక్కించడమే.

ఆ పార్సింగ్ అనే మాట కూడా మా బడిలో నుండి వెళ్ళినదే. లాటిన్‌లో 'పార్స్' అంటే భాగం. వాక్యంలో ఏ మాట ఏ భాషాభాగమో విడదీసి చెప్పడం పూర్వం ఐరోపా బడులలో వ్యాకరణ పాఠం, దాని పేరే పార్సింగ్. కంప్యూటర్లు వచ్చాక ఆ పేరు యంత్రాల పనికి అంటింది. కనుక ఈ టపా రాయడానికి నాకు కొంత అధికారం ఉన్నదని అనుకుంటున్నాను.

ఇక లాగ్ అనే మాట. లాగ్ అంటే కొయ్యమొద్దు. పడవ ఎంత వేగంగా పోతున్నదో తెలుసుకోవడానికి నావికులు ఒక కొయ్యముక్కకు తాడు కట్టి నీళ్ళలో వేసేవారు. కొయ్య ఉన్నచోటనే ఉంటుంది, పడవ ముందుకు పోతుంది, తాడు విడివడుతూ ఉంటుంది. తాడుకు సమదూరంలో ముడులు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు జారితే అంత వేగం. ఓడల వేగాన్ని నేటికీ 'నాట్' అని, అంటే ముడి అని, చెప్పడం అందువలననే. ఈ సాధనాన్ని విలియం బౌర్న్ అనే ఆంగ్లేయుడు 1574లో అచ్చయిన తన నౌకాశాస్త్ర గ్రంథంలో వర్ణించాడు. తరువాతి కాలంలో 28 సెకన్ల ఇసుక గడియారానికి ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు అన్న లెక్క స్థిరపడింది. కొయ్య చెప్పిన వేగం, దిక్కు, గాలి, వాతావరణం ఎప్పటికప్పుడు రాసే పుస్తకం లాగ్ బుక్ అయింది. అదే మాట క్రమంగా కొయ్యను వదిలి, ఓడను వదిలి, కంప్యూటరుకు చేరింది.

ఓడల చిట్టాలను ఆవర్జాకు ఎక్కించిన మహానుభావుడు ఒకడున్నాడు. అమెరికా నౌకాదళంలో పనిచేసిన మాథ్యూ ఫాంటైన్ మోరీ. 1842లో ఆయనను పటాల, పరికరాల భాండాగారానికి అధికారిని చేశారు. అక్కడ పాత లాగ్ బుక్కులు గుట్టలుగా పడి ఉన్నాయి. ప్రయాణం ముగిశాక వాటిని తిరిగి చూసేవారు లేరు. మోరీ వాటిని విప్పించి, ఏ మాసంలో, సముద్రంలో ఏ చోట, గాలి ఎటు వీచింది, నీరు ఎటు పారింది అన్నవి ఏరించి, పటాల మీదకు ఎక్కించాడు. 1847 నుండి ఆ పటాలు వెలువడ్డాయి. ఏ కప్తానుకు ఆ కప్తాను తన ప్రయాణం కోసం రాసుకున్న మాటలు, అందరినీ కలిపి చదివేసరికి సముద్రం నడవడికను చెప్పాయి.

అయితే ఏరడంలో ఆయనకు ఒక చిక్కు తెలిసివచ్చింది. ఒక్కొక్క నావికుడు ఒక్కొక్క తీరున రాశాడు. అందుచేత మోరీ గడులు గీసిన ఒక నమూనా తయారుచేసి, దాని ప్రకారం రాసి పంపే కప్తానులకు పటాలు ఉచితంగా ఇచ్చాడు. 1853లో బ్రస్సెల్స్‌లో పలు దేశాల ప్రతినిధులు సమావేశమై, సముద్రం మీద పరిశీలనలు అందరూ ఒకే పద్ధతిలో నమోదు చేయాలని అంగీకరించారు. చదివేవాడి శ్రమ, రాసేవాడి క్రమశిక్షణతో తగ్గుతుందన్న ఈ పాఠాన్ని కంప్యూటరువారు మళ్ళీ మొదటి నుండి నేర్చుకోవలసి వచ్చింది.

కంప్యూటర్ల తొలినాళ్ళలో చిట్టా చేత్తో రాసేవారు. హార్వర్డు మార్క్-2 యంత్రం దగ్గర 1947 సెప్టెంబరు 9న, ఒక రిలేలో ఇరుక్కున్న పురుగును తీసి, చిట్టా పుటకు టేపుతో అంటించి, పక్కన దాని గురించి ఒక వాక్యం రాశారు. ఆ పుట నేటికీ అమెరికాలో స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో భద్రంగా ఉంది. మనిషి రాసింది మనిషి చదువుతాడు గనుక పురుగును అంటించినా ఇబ్బంది లేదు.

యంత్రమే చిట్టా రాయడం మొదలుపెట్టాక సమస్య వచ్చింది. 1980లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్, సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల ప్రోగ్రాముతో పాటు సిస్‌లాగ్ అనే పరికరాన్ని తయారుచేశాడు. ఏ ప్రోగ్రామైనా తాను చెప్పదలచుకున్న వాక్యాన్ని దానికి అందిస్తే చాలు, అది తేదీ వేసి రాసిపెడుతుంది. ఎంత సౌకర్యమంటే, అడగకుండానే ప్రపంచమంతా వాడుకుంది. అందరూ వాడుకున్న చాలా కాలానికి, 2001లో, లోకంలో ఇది ఎలా వాడుకలో ఉన్నదో గమనించి ఒక పత్రం రాశారు. వాడుక ముందు, వ్యాకరణం తరువాత. మన భాషలకు జరిగినట్టే.

ఆ పత్రంలోని తేదీ పద్ధతి చూస్తే నవ్వు వచ్చింది. నెల ఉంది, రోజు ఉంది, గంట నిమిషం సెకను ఉన్నాయి, సంవత్సరం లేదు! ఏ దేశపు గడియారమో కూడా లేదు. "ఈరోజు రాసింది రేపు చదువుతాము, సంవత్సరం ఎందుకు" అనుకున్నారు కాబోలు. మన శాసనకర్తలు శకవర్షం, మాసం, పక్షం, తిథి, వారం వరుసగా చెక్కించారు. ఎప్పుడో ఎవరో అపరిచితుడు చదువుతాడన్న స్పృహ వారికి ఉన్నది.

తేదీ అయిపోయాక సిస్‌లాగ్‌లో మిగిలినదంతా స్వేచ్ఛావాక్యం. ఎవరికి తోచినట్టు వారు రాసినది. దానిలో నుండి ఒక పేరునో అంకెనో ఏరాలంటే, ఒక్కొక్క ప్రోగ్రాము వాక్యనిర్మాణాన్నీ ఊహించి ఒక్కొక్క సూత్రం రాసుకోవాలి. రాసినవాడు ఒక మాట అటు ఇటు మార్చాడా, సూత్రం చచ్చుబడుతుంది. మోరీ చిక్కే ఇది.

దీనికి రెండు పరిష్కారాలు వచ్చాయి. ఆ రెంటి మధ్య తేడా చెప్పడానికి సాఫ్ట్‌వేరువారికంటె తెలుగు పండితుడికే ఎక్కువ సౌకర్యం ఉంది.

మొదటిది స్థానాన్ని బట్టి అర్థం. 1990లలో వెబ్ సర్వర్లు వచ్చినప్పుడు సామాన్య చిట్టా పద్ధతి అని ఒకటి నెలకొన్నది. వరుసకు ఏడు గడులు: అడిగిన యంత్రం, దాని గుర్తింపు, వాడుకరి పేరు, సమయం, అడిగిన పుట, ఫలితపు అంకె, పంపిన బైట్ల సంఖ్య. ఏ గడిలో ఏముందో వరుసలో రాసి ఉండదు. మూడవది కనుక అది వాడుకరి పేరు. ఏమీ లేకపోతే అక్కడ ఒక అడ్డగీత పెట్టాలి, లేకుంటే వెనకవన్నీ ముందుకు జరిగిపోతాయి. 1996లో వచ్చిన మరొక ప్రతిపాదనలో, దస్త్రం మొదట్లోనే ఏ గడి పేరేమిటో ఒక వరుసలో చెప్పే ఏర్పాటు చేశారు. హాజరుపట్టీకి పైన శీర్షికలు రాసినట్టు. కాని పట్టీ చిరిగి, మధ్య కాగితం ఒక్కటే చేతికొస్తే మళ్ళీ మొదటికే వస్తాము.

రెండవది విభక్తిని బట్టి అర్థం. ఇంగ్లీషు వాక్యంలో కర్త ముందు, కర్మ తరువాత. స్థానాలు మారిస్తే చంపినవాడు చచ్చినవాడవుతాడు. మనకు ఆ బాధ లేదు. "రాముడు రావణుని చంపెను" అన్నా, "రావణుని రాముడు చంపెను" అన్నా చచ్చింది రావణుడే. ప్రతి పదమూ తన సంబంధాన్ని తన ఒంటి మీదే మోసుకు తిరుగుతుంది. కవి ఛందస్సు కోసం పదాలను ఎటు విసిరినా మనం అన్వయం చేసుకోగలుగుతున్నది అందుకే. పైన నేను చూపిన వరుసలు ఈ జాతివి. "ఊరు=తణుకు" అన్నది వరుసలో ఎక్కడున్నా ఊరే. ఒకటి లేకపోయినా మిగిలినవాటికి హాని లేదు. కొత్తది చేర్చినా పాత చదువరికి ఇబ్బంది లేదు.

పద్యం కింద ప్రతిపదార్థం రాసినవారెవరికైనా ఈ రూపం పాతచుట్టమే. ఎడమ పదం, మధ్య సమాన చిహ్నం, కుడి అర్థం. పరీక్ష పత్రాల్లో ఎన్ని వేలు దిద్దానో! తెరమీద ఆ సమాన చిహ్నాల వరుస చూడగానే నాకు పరాయితనం తోచకపోవడానికి కారణం ఇదే.

ఈ పద్ధతి ఒక్కచోట పుట్టలేదు. లినక్స్ 2.6 తరం నుండి ఉన్న ఆడిట్ చిట్టా ఇలాగే రాస్తుంది. అగ్నికుడ్యాలు, అదే ఫైర్‌వాల్‌లు, కొన్ని ఇలాగే రాస్తాయి. 2003లో మొదలైన స్ప్లంక్ అనే సంస్థ, ఎవరు ఏ చిట్టా ఇచ్చినా దానిలోని సమాన చిహ్నాలను చూసి జతలను తానే ఏరుకునే పరికరాన్ని తయారుచేసింది. అయితే దీనికి లాగ్‌ఎఫ్ఎంటీ అన్న పేరుతో ప్రచారం రావడానికి కారణం హెరోకు అనే సంస్థ. ఇతరుల ప్రోగ్రాములను తన యంత్రాల మీద నడిపే వ్యాపారం దానిది. దాని చిట్టాలో పద్ధతి, బాట, ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది, ఫలితం ఏమిటి అన్నవి జతలు జతలుగా ఉండేవి. అక్కడి ఇంజనీరు కీత్ రారిక్, గో భాషలో వీటిని చదివే చిన్న ప్రోగ్రాము రాసి, వ్యాకరణాన్ని కొద్ది పంక్తులలో చెప్పాడు. ఏ ప్రమాణ సంస్థా దీనికి ముద్ర వేయలేదు. ఇదీ వాడుకభాషే.

ఇప్పుడు ఆ వరుసను యంత్రం ఎలా చదువుతుందో చూద్దాం. అది ఎడమ నుండి ఒక్కొక్క అక్షరమే చూస్తూ పోతుంది. ఖాళీలు దాటుతుంది. ఖాళీ కాని అక్షరం తగలగానే ఒక పేరు మొదలైందని అనుకుంటుంది. సమాన చిహ్నం వచ్చేవరకు కూడబెడుతుంది. ఆ చిహ్నం దాటగానే విలువ మొదలవుతుంది. విలువ మామూలుదైతే తిరిగి ఖాళీ వచ్చేవరకు. విలువ కొటేషన్ గుర్తుతో మొదలైతే, మూసే గుర్తు వచ్చేవరకు, మధ్యలో ఎన్ని ఖాళీలు ఉన్నా సరే. కొటేషన్ లోపలే కొటేషన్ కావాలంటే దాని ముందు ఒక వెనుకవాలు గీత పెట్టాలి. సమాన చిహ్నం లేకుండా పేరు ఒక్కటే ఉంటే, రారిక్ వ్యాకరణంలో దానికి 'నిజం' అని అర్థం. ఒక ముచ్చట: ఆ వ్యాకరణం ప్రకారం ఖాళీ, సమాన చిహ్నం, కొటేషన్, నియంత్రణ సంకేతాలు తప్ప పేరులో ఏ బైటైనా ఉండవచ్చు. అంటే యూనికోడ్ తెలుగులో 'పేరు' అని రాసినా తప్పు కాదు. ఎవరూ అడగకుండానే తెలుగుకు చోటు దొరికింది.

ఈ చదువులో తొందరపడేవారు చేసే తప్పులు మూడు. వరుసను ఖాళీల దగ్గర ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను సమాన చిహ్నం దగ్గర మళ్ళీ విరవడం మొదటిది. కొటేషన్ల లోపలి ఖాళీలు అక్కడ ఛిన్నాభిన్నం. విలువలోనే సమాన చిహ్నం ఉండవచ్చునని మరచిపోవడం రెండవది. వెబ్ చిరునామాల్లో ప్రశ్నార్థకం తరువాత అవి కొల్లలు. మొదటి చిహ్నం దగ్గర ఒక్కసారే విరవాలి. అంకెలా కనబడినదల్లా అంకె అనుకోవడం మూడవది. సున్నాతో మొదలయ్యే ఖాతా సంఖ్యను అంకెగా మారిస్తే ఆ సున్నా పోతుంది, దానితో ఖాతాదారూ పోతాడు.

మా అబ్బాయి బృందానికి జరిగినది మరొకటి, దీనికి ముందుది. అక్కడ రాసిన ప్రోగ్రామే పేరుకు కొటేషన్లు పెట్టలేదు. 'సూర్య' దగ్గర విలువ ముగిసింది. 'నారాయణ' అనే ముక్కకు సమాన చిహ్నం లేదు. చదివే ప్రోగ్రాము దానిని దుష్టవాక్యంగా తలచి వరుసనే తోసిపుచ్చింది. "అమ్మవారికిచ్చింది" అన్న మాటలను తీసుకోండి. "అమ్మవారికి ఇచ్చింది" అని విడదీస్తే దేవతకు ముట్టింది. "అమ్మ వారికి ఇచ్చింది" అంటే ఇరుగుపొరుగుకు ముట్టింది. విరుపు ఒక్కటే మారింది, సొమ్ము చేరే చోటు మారింది. ఇక్కడ అక్షరాలా అదే జరిగింది.

ఈ ప్రమాదాన్ని ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా తప్పించుకున్నారు. సిస్‌లాగ్‌కు 2009లో వచ్చిన కొత్త ప్రమాణం సంవత్సరాన్నీ, కాలమండలాన్నీ చేర్చింది. దానితోపాటు చదరపు కుండలీకరణాల్లో జతలు రాసే చోటు కల్పించి, విలువలకు కొటేషన్లు తప్పనిసరి చేసింది. విలువలో కొటేషన్, వెనుకవాలు గీత, మూసే కుండలీకరణం వస్తే వాటి ముందు గీత పెట్టాలన్నది. లినక్స్ ఆడిట్ మరీ జాగ్రత్తపరురాలు. పరాయివారి నుండి వచ్చిన పేరులో ఖాళీయో కొటేషనో ఉంటే, ఆ పేరును మొత్తంగా పదహారు అంకెల లెక్కలోకి మార్చి రాసేస్తుంది. గో భాషలో 2023 నుండి ఉన్న ఎస్‌లాగ్ అనే పరికరం, విలువలో ఖాళీ గాని సమాన చిహ్నం గాని కనబడితే తానే కొటేషన్లు పెడుతుంది. కొందరు జేసన్ అనే కట్టుదిట్టమైన రూపానికి మారారు. దానిలో సందేహం తక్కువ, మనిషి కంటికి శ్రమ ఎక్కువ.

బ్లాగ్మిత్రులకు ఇక్కడ పాత జ్ఞాపకం ఒకటి రావాలి. మన బ్లాగుల తొలిరోజుల్లో, ఎవరు ఎక్కడి నుండి వచ్చారో చూసుకోవడానికి లెక్కింపు పరికరాలు పెట్టుకునేవాళ్ళం. గూగుల్‌లో ఎవరో తెలుగులో వెతికి వచ్చారని సంతోషించి చూస్తే, అక్కడ తెలుగు లేదు. శాతం గుర్తు, ఈ, సున్నా. శాతం గుర్తు, బీ, సున్నా. శాతం గుర్తు, తొమ్మిది, ఐదు. అది 'క'. యూనికోడ్‌లో మన అక్షరం మూడు బైట్లు, ఒక్కొక్క బైటుకు మూడు గుర్తులు. గుణింతపు గుర్తులు వేరుగా లెక్క. 'తెలుగు' అన్న మూడక్షరాల మాటకు 54 గుర్తులు. అప్పట్లో విసుక్కున్నాను. చిట్టాలో ఖాళీగానో కొటేషన్‌గానో పొరబడడానికి వీలులేని రూపంలో మన భాషను మూటకట్టి దాటించారని ఇప్పుడు అర్థమయింది.

ఇక చివరి ప్రమాదం, అన్నిటికంటె పెద్దది. తాళపత్రాలు పరిష్కరించేవారికి ప్రక్షిప్తాల బాధ తెలుసు. ఎవడో లేఖకుడు మధ్యలో తన పద్యం చేరుస్తాడు, తరువాతివారు అది కవిదే అనుకుంటారు. చిట్టాలకూ ఇది ఉంది. విలువ లోపల పంక్తి ముగింపు గుర్తును దొంగతనంగా పంపితే, దాని తరువాతి పాఠం కొత్త వరుసగా నిలుస్తుంది. జరగని పని జరిగినట్టు చిట్టాయే సాక్ష్యం చెబుతుంది. అందుకే పంక్తి గుర్తును కూడా మూటకట్టి రాయాలి.

2021 డిసెంబరులో ఇంతకు మించినది బయటపడింది. జావా భాషలో చిట్టాలు రాయడానికి విస్తారంగా వాడే లాగ్‌ఫోర్‌జే అనే పరికరం, తాను రాయవలసిన పాఠం లోపల డాలరు గుర్తు, మీసాల కుండలీకరణాలు కనబడితే, దాన్ని ఆజ్ఞగా తలచి, దూరాన ఉన్న సర్వరును సంప్రదించి, అక్కడి నుండి వచ్చిన ప్రోగ్రామును నడిపేది. ఒక పేరు గడిలోనో, ఆటలో కబుర్లు చెప్పుకునే చోటనో ఆ మంత్రం టైపు చేస్తే చాలు, అది చిట్టాకు చేరగానే యంత్రం పరాధీనం. తీవ్రతకు పదికి పది వేశారు. లాగ్‌ఫోర్‌షెల్ అన్న పేరుతో లోకమంతా వారాల తరబడి నిద్ర మానుకున్నది. వ్యాకరణ పరిభాషలో చెబితే దోషం ఇది: అనువాదం చేయవలసిన వాక్యాన్ని విధివాక్యంగా తీసుకోవడం. "రాజు తల నరకమన్నాడు" అన్న వాక్యాన్ని చదివి పాఠకుడు కత్తి తీయకూడదు కదా. పరుల మాటను భద్రంగా రాయాలి, విడదీసి చదవాలి, అంతవరకే.

తిరిగి మా అబ్బాయి గదికి వస్తాను. రాసే ప్రోగ్రాములో కొటేషన్లు పెట్టించడం అర్ధగంట పని. కాని పాత వరుసలు అప్పటికే రాయబడి ఉన్నాయి. వాటిని ఏం చేయాలి? ఈ చిట్టాలో రాగల గడుల పేర్లు ముందే తెలుసు. 'పేరు=' తరువాత, తెలిసిన మరొక గడి పేరు సమాన చిహ్నంతో వచ్చేవరకు ఉన్నదంతా ఒకే విలువగా తీసుకున్నారు. దీనిని మేము ఆకాంక్ష అంటాము. ఒక పదం తరువాత ఏది వస్తే వాక్యం పూర్తవుతుందో, దాని కోసం ఎదురుచూడడం. సూర్య నారాయణ దొరికాడు. చాలామంది దొరికారు. ఒక్కరి విషయం మాత్రం తేలలేదు. వివరం గడిలో ఆయన రాసుకున్న మాటల్లోనే ఒక గడి పేరు సమాన చిహ్నంతో సహా ఉంది. ఏ విరుపు సరైనదో వరుసను ఎంతసేపు చూసినా తెలియదు. తెల్లవారాక సంస్థవారు ఆయనకే ఫోను చేసి అడిగారట. రెండర్థాలు సమంగా పొసగిన చోట వ్యాఖ్యాతలు కొట్టుకోవచ్చు గాని, కవి బతికి ఉంటే అడగడమే మేలు.

వాడు నిద్రకు పోయాడు. నాకు నేను రాసిన చిట్టా ఒకటి గుర్తుకొచ్చింది.

ఉద్యోగంలో చాలా ఏళ్ళు బడి ప్రవేశపు రిజిస్టరు నేనే రాశాను. దస్తూరీ బాగుంటుందని నాకు అప్పగించేవారు. పేరు గడి ఒక్కటే ఉండేది. ఇంటిపేరు, అసలు పేరు ఒకే ప్రవాహంగా, ఒకసారి కలిపి, ఒకసారి విడదీసి, ఆ పూట ఎలా తోస్తే అలా రాసేవాడిని. చూసేవాడికి తెలుగు వచ్చు, ఊరు తెలుసు, ఏది ఇంటిపేరో తెలియదా అన్న ధీమా. ఎన్నో ఏళ్ళ తరువాత నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి రెండు ధ్రువపత్రాలు పట్టుకుని వచ్చింది. ఒకదానిలో పేరు మూడు ముక్కలు, రెండవదానిలో రెండు. ఒక కార్యాలయంవారు ఇంటిపేరునే ఆమె పేరుగా తీసుకున్నారు. రెండు పత్రాల మనిషీ ఒక్కరేనని నిరూపించుకోవడానికి నెలల తరబడి తిరుగుతున్నది. నన్ను ఒక్క మాట అనలేదు. "మాస్టారూ, మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయండీ. ఎక్కడ విరవాలో మాత్రం చెప్పలేదండీ" అన్నది. ధ్రువీకరణ రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆ మాట మాత్రం ఇన్నాళ్ళూ నాలో నలుగుతూనే ఉంది.

పదచ్ఛేదం చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి, నా వరుసల్లో ఛేదం చెప్పలేదు. కప్తానులు మోరీ కోసం రాయలేదు, సిస్‌లాగ్ రాసినవారు వచ్చే ఏటి చదువరి కోసం రాయలేదు, నేను ఆ పిల్ల పెద్దయ్యే రోజు కోసం రాయలేదు. చిట్టా రాసేవాడికి ఆ క్షణంలో రెండు కొటేషన్ గుర్తుల శ్రమ. అది మిగుల్చుకుంటే, ఆ బాకీ తెలియనివాడెవడో, కొన్నేళ్ళ తరువాత, వడ్డీతో తీర్చవలసి వస్తుంది.

సాంకేతిక విషయాల్లో నేను పొరబడిన చోట్లు ఉంటే, ఆ రంగంలోని మిత్రులు వ్యాఖ్యల్లో దిద్దగలరు. పదచ్ఛేదంతో సహా రాస్తే మరీ సంతోషిస్తాను.

స్వస్తి.